సొరంగం కేక

ఆ పొద్దున ఆకాశం ఎండిన చెరువు అడుగులా ఉంది. చిన్న చిన్న మబ్బు పెళ్ళలు, వాటి మధ్య సన్నటి నీలం పగుళ్ళు. పడమట మాత్రం తడిసిన గొర్రెబొచ్చులా కొంచెం బరువుగా ఉంది. మధ్యాహ్నం దాకా వాన లేదనుకున్నాను. ఆకాశం చూడటం నా పని. మా అన్న ఓబులేసు బావి అడుగున అడ్డంగా సొరంగం తవ్వుతాడు. నేను దాని నోటి దగ్గర తాడు పట్టుకుని కూచుంటాను. ఇరవై ఏళ్ళుగా ఇదే.

ఆ రోజు మాత్రం బావిలోకి దిగలేదు. పరిశోధనాలయం వాళ్ళ తెల్లకారు మా వీధి చివర ఆగింది. అన్న ఉతికిన పంచె కట్టుకుని ముందే గడప మీద కూచుని ఉన్నాడు.

"ఏమయ్యా, పెండ్లికి పోతాండావా?" అంది వదిన తిప్పమ్మ.

"నాయన గొంతు ఇనిపిస్తామన్యారు గదే. మాసిన గుడ్డలతో పోతే ఆయప్ప ఊరుకుంటాడా?"

నాయన పోయి పదకొండేళ్ళు. ఊపిరితిత్తుల నిండా రాతిపొడి. ఫోటో ఒకటుంది. గొంతు మాత్రం ఎక్కడా పట్టి ఉంచుకోలేదు.

మేం వడ్డెవాళ్ళం. ఎండిన బావి అడుగున రాయి పొరలు చూసి, నీటి జాడ ఉన్న వైపు మనిషి పాకేటంత సొరంగం తొలుస్తాం. లోపల మాట్లాడితే మాట బయటికి రాదు. రాయి తినేస్తుంది. గుమ్మనే మోత మిగులుతుంది. అందుకని మా వాళ్ళు ఎప్పుడో ఒక్క కేక పెట్టుకున్నారు. లోపలివాడు పది తట్టల మట్టి నింపాక "సొరంగమో..." అని కేకేస్తాడు. బయటివాడు ఆకాశం ఎట్లా ఉంటే అట్లా బదులిస్తాడు. "ఎండో..." అనో, "మబ్బో..." అనో. చూసేవాళ్ళు ఆట అనుకుంటారు. ఆట కాదు. కేక చివర సాగితే లోపల గాలి బాగుంది. తోక తెగినట్టు ఆగితే గాలి పల్చబడింది. నడుమ గీర పడితే నెత్తిమీద రాయి వదులవుతోంది. లోపలివాడు ఇవి కావాలని చేయడు. గాలి తగ్గినవాడికి తగ్గిన సంగతి తెలియదు. వాడికి నిద్ర పట్టినట్టు హాయిగా ఉంటుంది. వాడికంటే ముందు వాడి కేకకు తెలుస్తుంది. అది విని బయటివాడు లోపలివాడి నడుముకు కట్టిన తాడు లాగుతాడు.

ఈ కేకను అన్నకు నాయన నేర్పాడు. నాయనకు తాత. ఎవరూ ఇది ఇట్లా అని చెప్పలేదు. ఏడేళ్ళ వయసు నుంచి పక్కన పాకించుకుంటూ పోయి కేకేయించారు, అంతే. నేను ఏడో తరగతి దాకా చదివాను. సొరంగంలోకి పోవాలంటే నాకు భయం. నన్ను నోటి దగ్గరే కూచోబెట్టారు.

పరిశోధనాలయం బళ్ళారి రోడ్డు మీద ఉంది. చుట్టూ వేరుశనగ చేలు, మధ్యలో అద్దాల మేడ. డాక్టర్ మందాకిని గారని సన్నటి మనిషి, యాభై ఏళ్ళుంటాయి. నెల కింద, మేం తవ్వుతున్న నాగలింగారెడ్డి బావి దగ్గరికొచ్చి మా కేక విని, కన్నార్పకుండా నిలబడిపోయిన మనిషి ఆమే. ప్రతి మాట కింద దాన్ని నేర్పినవాళ్ళ గొంతులు పొరలు పొరలుగా ఉంటాయని, తన యంత్రంతో వాటిని విప్పి వినిపిస్తానని చెప్పింది.

ముందు నన్ను కుర్చీలో కూచోబెట్టి, గొంతుకు మెత్తటి పట్టీ చుట్టి, చెవులకు తొడుగులు పెట్టింది. సొరంగం, సొరంగం అని అనమంది. నా మాటే చెవుల్లోకి తిరిగి వచ్చేది. ప్రతిసారీ కొంచెం పల్చగా. కాసేపటికి పట్టీ తీసేసింది.

"మీ మాట కింద మీ బడి అయ్యవారు ఉన్నారు. ఆయన కింద పుస్తకం ఉంది. అక్కడితో సరి. పుస్తకంలో నేర్చిన మాటకు తండ్రి ఉండడు సుంకన్న గారూ."

నిజమే. ఐదో తరగతిలో బెత్తంతో వేళ్ళ మీద కొట్టి ఆ మాట సరిగ్గా పలికించారు. నాకు సిగ్గేసింది. అన్న నవ్వాడు.

తర్వాత అన్న కూచున్నాడు. మొదలుపెట్టే ముందు ఒక కాగితం ఇచ్చారు. చదవగలిగినవాణ్ణి నేనే. బయటికి చదివాను. "పరీక్షానంతరం పదోచ్చారణలో స్వల్ప మార్పులు సంభవించవచ్చును." అన్న "అంటే?" అన్నాడు. "గొంతు రాసుకుపోతుందంట కొంచెం" అన్నాను. వేలిముద్ర వేశాడు. సాక్షి సంతకం నేను పెట్టాను.

ఆ రోజంతా సొరంగం, సొరంగం అన్నాడు. సాయంత్రానికి గొంతులో అన్న పోయాడు. మనిషి అక్కడే ఉన్నాడు, నోరూ కదులుతోంది. బయటికి వచ్చేది మాత్రం వేరే మనిషి మాట. కొంచెం బొంగురు, మధ్యలో బీడీ దగ్గు.

అన్న తల మీది తొడుగు తీసి పారేసి లేచి నిలబడ్డాడు.

"నాయనా" అన్నాడు గోడ వైపు చూస్తూ.

అది నాయనే. బావి అడుగున ముంజేత్తో చెమట తుడుచుకుని నిలబడ్డ నాయనే.

"ఇంగోసారి అనిపించండమ్మా."

"భద్రం చేశాం ఓబులేసు గారూ. ఎప్పుడు కావాలన్నా వినొచ్చు" అంది మందాకిని గారు. ఆమె కళ్ళు అప్పటికే తర్వాతి పొర మీద ఉన్నాయి.

అట్లా పన్నెండు రోజులు. రెండోరోజు తాత వచ్చాడు. మూడోరోజు నుంచి మాకు తెలియనివాళ్ళు. ఉల్లిపాయ పొట్టు ఒలిచినట్టే. నేను గోడవారన బెంచీ మీద కూచుని చూసేవాణ్ణి. పైపొరలు మా మాటల్లాగే ఉండేవి. పోనుపోను మాట పొట్టిదైంది, గట్టిదైంది. ఎనిమిదోరోజు సురుంగా అన్నాడు. సంస్కృతంలో సొరంగానికి అదే మాటట. మేడలో పనిచేసే చదువుకున్న కుర్రాళ్ళంతా చప్పట్లు కొట్టారు. అన్న నా వైపు చూశాడు. నేనూ కొట్టాను.

గొంతు వాచిందని నర్సు రోజూ సూది వేసేది. ఒకరోజు ఆమె మందు లాగుతుంటే మందాకిని గారు నవ్వుతూ అంది.

"ఓబులేసు గారూ, మీ సొరంగమూ ఆ సిరంజీ ఒకే ఇంటి పిల్లలు తెలుసా? గ్రీకు దేశంలో గొర్రెలకాపరులు ఊదే రెల్లు పిల్లనగోవి పేరు సూరింక్స్. తర్వాత బోలుగా ఉండి పొడుగ్గా ఉన్నదానికల్లా ఆ పేరే పెట్టారు. కోటగోడ కింద తవ్వే దారికి కూడా. ఆ దారి తవ్వేవాళ్ళతో అది మన దేశం వచ్చింది. ఇంకో పాయ పడమటికి పోయి వైద్యుల చేతిలో పడింది. పక్షి గొంతులో పాట పుట్టే చోటికీ ఆ పేరే."

"అట్లయితే మా సుట్టమే గదమ్మా. రోంత నిదానంగా గుచ్చమనండి" అన్నాడు అన్న.

అందరూ నవ్వారు. అన్న నవ్వించిన చివరిరోజు అదే.

పన్నెండోరోజు సూరింక్స్ వచ్చింది. ఎండదేశపు గొంతు, దుమ్ము పట్టిన గొంతు. మా నాయన గొంతుకు ఎక్కడో దగ్గరగా ఉందని నాకనిపించింది. దాని కింద ఇంకా ఏముందోనని ఆమె ఆగలేదు. ఇంకో గంట పోయాక అన్న నోట్లోంచి మాటే రాలేదు. పెదాల మధ్యనుంచి సన్నగా, తిన్నగా ఒక ఊపిరి మాత్రం వచ్చింది. రెల్లుగొట్టంలో గాలి పోయినట్టు. మందాకిని గారు కుర్చీలో కూలబడి ఏడ్చింది. సంతోషంతోనే. రెండువేల ఏళ్ళకు పైగా లెక్క అంది. కారులో మమ్మల్ని ఇంటికి పంపింది.

మర్నాడు నాగలింగారెడ్డి బావిలో దిగాం. సొరంగం అప్పటికి ఇరవై రెండు గజాలు పోయింది. రాయి చెమ్మగా తగులుతోంది. ఇంకో పది గజాల్లో నీళ్ళని అన్న అంచనా.

పది తట్టలు వచ్చాయి. కేక వచ్చింది. మాట వచ్చింది గానీ తిన్నగా, గీత గీసినట్టు వచ్చింది. నేను "ఎండో..." అన్నాను. ఇంకో పది. అదే గీత. గొంతు వాపు ఇంకా తగ్గలేదనుకున్నాను. నాలుగోసారీ అట్లాగే వచ్చింది. ఎత్తులేదు, పల్లంలేదు. తాడు చేతిలో పట్టుకుని కూచున్నాను. లాగాలో వద్దో తెలియలేదు. కేకలో చెడ్డ గుర్తు లేనంతవరకు లాగకూడదు. ఊరికే లాగితే లోపలివాడు రాళ్ళకు గీరుకుపోతాడు. అది మా కట్టు. కట్టు తప్పని మనిషినని నాకు పేరు.

తర్వాత తట్ట రాలేదు.

అప్పుడు లాగాను. వదిన పైనుంచి మోకులు పట్టుకుని దిగొచ్చి సాయం పట్టింది. అన్న పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. మొహాన నీళ్ళు కొడితే చాలాసేపటికి కళ్ళు తెరిచాడు.

"ఏమాయెరా? బాగనే ఉంటిని గదా" అన్నాడు.

ఇంటికొచ్చాక వదిన ఊరుకోలేదు. అన్నను నులకమంచం మీద కూచోబెట్టి కేకేయమంది. వేశాడు. ఇంకోసారి అంది. వేశాడు. ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఇది నీ కేక గాదు. మామ కేకా గాదు. ఎవనిదయ్యా ఇది? ఎక్కడ ఎత్తుకొచ్చినావు?"

"నాకు మారినట్లు తెల్డంలేదే."

"మామ ఎట్ల పిల్సేవాడో అట్ల పిలువు సూద్దాం."

అన్న నోరు తెరిచి అట్లాగే ఉండిపోయాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "మనిషి అగుపిస్తాండాడు. నోరు గూడా కదులుతాంది. సప్పుడు ల్యాదు."

మేం ఏడుసార్లు పోయాం బళ్ళారి రోడ్డుకు. మొదటిసారి మేడం ఢిల్లీలో ఉందన్నారు. రెండోసారి విదేశాల నుంచి పెద్దవాళ్ళు వచ్చారని గేటు దగ్గరే కూచోబెట్టారు. గేటులోంచి చూస్తే, లోపల పెద్ద తెర మీద అన్న బొమ్మ వేసి ఏదో చెబుతున్నారు. మూడోసారి ఫణీంద్ర అనే కుర్రాడు వచ్చి ఒక దరఖాస్తు రాసిమ్మన్నాడు. కారణం అన్న చోట ఏం రాయాలో నాకు తెలియలేదు. కేక పోయింది అని రాశాను. అతడు చదివి పెన్నుతో కొట్టేసి "ఉచ్చారణ లోపం" అని రాశాడు.

"లోపం గాదప్పా. పోయింది" అన్నాను.

"ఫారంలో అట్లా ఉండదండీ."

నాలుగోసారి గాలి కొలిచే చిన్న పెట్టె ఇచ్చారు. గాలి తగ్గితే కూస్తుందన్నారు. రాతిపొడికి మూడోరోజే దాని కన్ను ఆరిపోయింది. ఐదోసారి దాన్ని తిరిగిస్తే, రశీదు లేనిదే తీసుకోం అన్నారు.

ఆరోసారి మందాకిని గారు దొరికింది. మొహం పీక్కుపోయి ఉంది. దాటవేయలేదు. మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళి, భద్రం చేసిన నాయన కేకను యంత్రంలో వినిపించింది. గదంతా నాయన. నేను బెంచీ అంచు పట్టుకున్నాను.

అన్న విన్నాడు. తల ఒక పక్కకు వంచి ఇంకోసారి విన్నాడు.

"ఎవురుదిరా ఈ గొంతు?" అన్నాడు నాతో.

ఆమె మరబొమ్మలా చెయ్యి చాచి యంత్రం ఆపేసింది. బయట ఎవరో వేరుశనగ చేలో కలుపు తీస్తూ నవ్వుకుంటున్నారు.

తర్వాత నాలుగురోజులు పొరను తిరిగి పెట్టాలని చూసింది. నాయన కేక వినిపించడం, అన్న అట్లాగే అనడం. చివరికి అచ్చు నాయనలాగే అన్నాడు. చిలక అన్నట్టు. ఆమె గాలి తగ్గించే గాజుగదిలో కూచోబెట్టి పరీక్ష చేసింది. అన్న పెదాలు నల్లబడేదాకా అదే కేక, తోక బాగా సాగదీసి, ఏ గుర్తూ లేకుండా. ఆమె పరుగెత్తి తలుపు తీసింది.

"ఇది పైపూత. లోపలికి దిగడంలేదు" అంది. మాతో కన్నా గోడతో చెప్పినట్టుంది. "ఏడేళ్ళ పిల్లవాడు కావాలి. పక్కన తండ్రి కావాలి. భయం కావాలి. అవి ఎక్కడ తేను? నాకు విప్పడమే తెలుసు సుంకన్న గారూ. అల్లడం తెలియదు."

"ఇప్పకముందర జెప్పాల్సిన మాట గదమ్మా అది" అన్నాడు అన్న.

"కాగితంలో రాశాం..." అని ఆమె ఆగిపోయింది. నా వైపు చూడలేదు. చూడకపోవడమే నాకు ఎక్కువ తగిలింది. ఆ కాగితం చదివింది నేను. స్వల్ప మార్పులు అన్న మాటను గొంతు రాసుకుపోవడం అని చెప్పిందీ నేనే.

ఏడోసారి ఎందుకు పోయామో నాకే తెలియదు. గేటుదాకా పోయి, చెట్టులేని ఎండలో కాసేపు నిలబడి తిరిగొచ్చాం.

నాగలింగారెడ్డి మంచివాడే. అయినా అతని చీనీచెట్లు ఎండిపోతున్నాయి. "ఓబులేసూ, నేను ఎంతకాలమని సూసేది? మీరు గాకపోతే బయటోల్లను పిల్సుకుంటా. ఏమనుకోవద్దు" అన్నాడు. అన్న ఇంటికొచ్చి సమ్మెట కర్ర ఊడదీసి, తిరిగి బిగించి, మళ్ళీ ఊడదీశాడు. మూడు రోజులు అదే పని.

నాలుగోరోజు పొద్దున నేను ఉలి, సమ్మెట తీసుకుని నడుముకు తాడు కట్టుకున్నాను.

"ఏందిది?" అన్నాడు అన్న.

"నేను పోతా లోపలికి."

"నువ్వా? నిక్కర్లో ఉచ్చ పోసుకున్న్యావు గదరా నాయన లోపలికి లాక్కపోతే. మూడు దినాలు పాకిస్తే మూడు దినాలూ ఏడిస్తివి."

"అప్పుడు నిక్కరు. ఇప్పుడు పంచె" అన్నాను.

వదిన నవ్వింది. అన్న నవ్వలేదు. "నీది బడి మాటంట గదా. కేకలో ఏముంటాది? నేను నోటికాడ కూచోని ఏం పట్టుకొని సూడాల?"

బావి దగ్గర తాడు కొస అన్న చేతిలో పెట్టాను. దిగాను.

సొరంగంలో మొదటి ఐదు గజాలకే వెలుతురు పోతుంది. తలకు కట్టిన దీపం ముందు రాయి తప్ప ఏమీ ఉండదు. రాయి ముక్కుకు తగిలేంత దగ్గర. నా ఊపిరి చప్పుడు ఎవరిదో అనిపించింది. అన్న గంటలో నింపే తట్టలు నాకు పూట పట్టాయి. చేతులు బొబ్బలెక్కాయి. సమ్మెట దెబ్బల్లో ఉలి మీద పడేవి తక్కువ, వేలి మీద పడేవి ఎక్కువ. కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియదు. మందాకిని గారి మీద, కాగితం మీద, నా చదువు మీద, గ్రీకు గొర్రెలకాపరి మీద. ఆ కోపంతోనే కొట్టాను.

పది తట్టలకు "సొరంగమో..." అన్నాను. నా చెవికి బడి పలుకులాగే ఉంది. చాలాదూరంనుంచి అన్న జవాబు వచ్చింది. "ఎండో..."

రెండోసారి "ఎండో..." మూడోసారి "మబ్బో..."

తర్వాత పని తేలికైంది. చేతుల నొప్పి తెలియలేదు. రాయి మెత్తబడిందనుకున్నాను. ఇంత భయపడ్డానే ఇన్నేళ్ళూ, ఇదేనా అనుకున్నాను. ఇంకో కేక వేశాను. వేసిన సంగతి కూడా సరిగ్గా గుర్తులేదు.

నడుం దగ్గర తాడు ఒక్కసారి బిగిసింది. వెనక్కి ఈడ్చుకుపోయాను. మోచేతులు గీరుకుపోయాయి. వద్దు, బాగానే ఉన్నానని అరిచాను. బయట పడేదాకా అరుస్తూనే ఉన్నానట. వెలుతురులోకి వచ్చి వెల్లకిలా పడ్డాక గాని ఊపిరి ఆడటంలేదని తెలియలేదు. రొమ్ము మీద బండ పెట్టినట్టుంది. పైన బావి గుండ్రటి అంచు, దాని మీద వంగిన వదిన మొహం.

అన్న నా పక్కన గొంతుక్కూచుని ఉన్నాడు. తాడు ఇంకా రెండు చేతులకూ చుట్టుకునే ఉంది.

"ఎట్ల తెలిసె అన్నా?"

"తెల్దు. చెయ్యి లాగింది."

"కేకలో ఏమన్నా..."

"తెల్దంటి గదా."

పైనుంచి వదిన గొంతు వచ్చింది. ఆమె అరవలేదు. బావి గోడలే ఆ మాటను కిందికి దించాయి.

"మామ పిల్సినట్టే పిల్సినావు సుంకన్నా. కడాకరు కేక. అచ్చం మామే. తోక తెగింది సూడూ, అట్లనే తెంచేవాడు ఆయప్ప."

మూడు రోజులు ఏడుస్తూ పాకిన పిల్లవాడికి అది ఎప్పుడు అంటుకుందో నాకు తెలియదు. చల్లటి గదిలో కుర్చీలో కూచుంటే యంత్రానికీ దొరకలేదు. అన్న మొహం వైపు చూశాను. అతను వదిన మాట విన్నాడు. కనుబొమ్మలు దగ్గరికి తెచ్చుకుని, చాలా కష్టపడి దేన్నో వెతికాడు. దొరకలేదు.

"అట్లనా" అన్నాడు, ఎవరి ఇంటి సంగతో విన్నట్టు.

తర్వాత తాడు విప్పి, మడత మడతగా చుట్టి, రాయి మీద పెట్టాడు.

"గాలి ఆడినాక మల్ల దిగు. కుడిపక్క కొట్టు. చెమ్మ కుడిపక్క ఉండాది. ఉలి అంత నిలువుగా పట్టుకోవద్దు" అన్నాడు.

ఆ రోజు జానెడు పోయింది సొరంగం. అన్న అయితే గజం పోయేవాడు. ఈ లెక్కన నీళ్ళు తగిలేసరికి చీనీచెట్లు ఉంటాయో లేదో. ఇంటికి నడుస్తుంటే ఫోను మోగింది. మందాకిని గారు. అన్న గారికెట్లా ఉంది, ఏమైనా మార్పు ఉందా అని అడిగింది. ఏమీ లేదమ్మా అన్నాను. మీరేమైనా కొత్తగా గమనించారా అంది. లేదన్నాను. ఆమె ఇంకేదో చెప్పబోతుంటే పెట్టేశాను.

పొద్దు ఇంకా ఉండగానే వదిన సంగటి గెలికింది. చెనక్కాయల ఊరిబిండి నూరింది. ముగ్గురం ఇంటి ముందర చాప మీద కూచున్నాం. మా ఇండ్లలో సొరంగంలోకి పోయొచ్చినవాడికే మొదటి ముద్ద వేస్తారు. వదిన సంగటి ముద్ద చేతిలో పట్టుకుని అన్న పళ్ళెం మీదికి వంగింది. చెయ్యి అక్కడే ఆగింది.

అన్న తన పళ్ళెం పక్కకు జరిపి, నా పళ్ళెం ముందుకు నెట్టాడు.

ముద్ద నా పళ్ళెంలో పడింది. వేడికి బొబ్బలు చురుక్కుమన్నాయి. అన్న కూడా పెట్టించుకున్నాడు, వదిన పెట్టుకుంది. నేను ముద్ద విరుస్తుంటే, బొబ్బల చెయ్యి చాచే పనిలేకుండా అన్న ఊరిబిండి గిన్నె నా వైపుకు జరిపాడు. తిన్నాం.